బేసు లేని మొగలి

మా వదిన సువార్తమ్మకు వాసన పోయింది. పోయిన చలికాలంలో జ్వరం వచ్చి తగ్గింది. జ్వరంతో పాటు ముక్కు కూడా పని మానేసింది. పాలు పొంగి స్టవ్ మీద మాడిపోతున్నా పక్కనే కూర్చుని పేపరు చదువుకునేది. కొత్తగా పుట్టిన మనవరాలిని ఎత్తుకుని, నెత్తి మీద ముక్కు ఆనించి, "ఒసే కరుణా, ఈ గుంటకి ఏ వాసనా నేదే" అని నా దగ్గర ఏడ్చింది. వదిన అంటే మా అన్నయ్య భార్య, నాతోనే ఉంటుంది. ఊరికే ఏడ్చే మనిషి కాదు.

నేను నర్సుగా రిటైరై, కాకినాడలో మా ఇంటి ముందు గదిలో సుగంధ తైలాలతో మర్దనా చేసే చిన్న దుకాణం నడుపుతున్నదాన్ని. డాక్టరు చెప్పినప్పుడు పక్కనే ఉన్నాను. నాలుగు రకాల వాసనలు ఎంచుకుని పొద్దునా సాయంత్రం పీల్చాలన్నాడు. మొదటి నెలలే ముఖ్యం, ఆలస్యం చేస్తే కష్టం అన్నాడు. వాసన తిరిగొచ్చేటప్పుడు తలకిందులుగా వస్తుంది, భయపడకండి అని కూడా ఏదో అన్నాడు. ఆ మాట నేను చెవిన పెట్టలేదు. నా అల్మరా నిండా సీసాలే, ఇంక కొదవేముంది అనే ధీమాలో ఉన్నాను.

నిమ్మగడ్డి, నీలగిరి, లవంగం, మొగలి. నాలుగు సీసాల మీదా నూరు శాతం స్వచ్ఛం అని బంగారు రంగు అక్షరాలు. వదిన వాటిని ప్రార్థన చేసినంత భక్తిగా పీల్చింది. ఎండాకాలం వచ్చి వెళ్ళిపోయింది, ఒక్క వాసనా రాలేదు. చివరికి నాకు అనుమానం వచ్చి ఒక్కో సీసాలోంచి ఒక్కో చుక్క తెల్ల కాగితం మీద వేసి కిటికీలో పెట్టాను. అసలు తైలమైతే ఎగిరిపోతుంది, మరక మిగలదు. వేరే నూనె కలిపితే జిడ్డు మిగులుతుంది. తెల్లారి చూస్తే నాలుగు కాగితాల మీదా పకోడీ పొట్లానికి ఉన్నట్టు మరకలు. ఈ పరీక్ష నాకు ముందునుంచీ తెలుసు. లేబుల్ చూసి నమ్మి, చెయ్యలేదు.

అందుకని ఈ వానాకాలం ఇద్దరం బయల్దేరాం. తైలం తీసేచోటికే పోయి, కళ్ళముందు తీయించి తెచ్చుకుందామని. వదిన పుట్టిల్లు కూడా అటే, శ్రీకాకుళం జిల్లా కొసన.

శృంగవరపుకోట

విజయనగరంలో రైలు దిగి బస్సెక్కితే కోటకు చేరేసరికి కొండలు దగ్గరికొచ్చేస్తాయి. వాటి మీద మబ్బు తడిగుడ్డ ఆరేసినట్టు వేలాడుతోంది. సంతలో చోడి అంబలి, అంటే రాగుల జావ, గ్లాసు పదిహేను రూపాయలు. పచ్చి ఉల్లిపాయ, వేయించిన ఎండుమిరపకాయ పక్కన పెడతారు. మా గోదావరి వైపు దీన్ని పథ్యం కింద జమకడతాం. ఇక్కడ మగాళ్ళు పనికి పోతూ నిలబడి రెండేసి గ్లాసులు తాగుతున్నారు. వదిన ఒక్క గుక్కలో తాగి మూతి తుడుచుకుంది. "రుసి తెలవకపోయినా సల్లగున్నాది" అంది. వాసన లేకపోతే రుచి కూడా సగం పోతుందని చాలామందికి తెలీదు.

ఊరికి ఎడంగా పైడమ్మ అనే ఆవిడ నిమ్మగడ్డి వేసింది. పొలం గట్టునే ఇనప బట్టీ. కోసిన గడ్డి కట్టలు కుక్కి, కింద మంట పెడితే, ఆవిరి గొట్టంలోంచి పోయి చల్లారి నీళ్ళూ నూనే కలిసి కారతాయి. నూనె పైకి తేలుతుంది. పచ్చపచ్చగా, కొంచెం ఎర్రగా ఉంది. నేను సంచిలోంచి తెల్ల కాగితం తీసి ఓ చుక్క వేశాను. పైడమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"నాకు పరీచ్చ పెడతన్నావేటి తల్లీ? పెట్టు పెట్టు. కొనీవోలు ఎవలూ పెట్టరు. గాటు సాల్దంతారు, సబ్బు వాసన రాదంతారు. సబ్బుకి నా నూనె వాసన రావాల గానీ, నా నూనెకి సబ్బు వాసనేటి?"

వదిన పకపకా నవ్వింది. సీసా ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపింది. రాత్రి లాడ్జిలో కాగితం ఫ్యాను కింద పెట్టాను. తెల్లారేసరికి మరక లేదు. నాకు సంతోషమూ బాధా రెండూ కలిగాయి. ఇది ఆ మొదటి నెలల్లోనే దొరికి ఉంటే ఎలా ఉండేదో!

గరివిడి

బంగారు అక్షరాల సీసాల మీద చిరునామా గరివిడిది. దారిలోనే ఉంది కదా, చూసే పోదామన్నాను. వద్దంది వదిన, "దెబ్బలాటకి ఎల్తన్నావేటి?" అని. దెబ్బలాటకే వెళ్ళాను.

లోహం కరిగించే ఫ్యాక్టరీ ఊరది. సైకిళ్ళ మీద షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు వస్తున్నారు, ఎక్కేవాళ్ళు పోతున్నారు. బియ్యం కొట్టు వెనక సందులో అద్దె షెడ్డు. లోపల రెండు నీలం డ్రమ్ములు, నలుగురు ఆడవాళ్ళు కింద కూర్చుని చిన్న సీసాలు నింపుతున్నారు. ఒకే డ్రమ్ములోంచి నింపిన సీసాలకు కుడివైపు ఆవిడ మర్దనా తైలం అని లేబుల్ అంటిస్తోంది, ఎడమవైపు ఆవిడ గదుల్లో చల్లుకునే సెంటు అని అంటిస్తోంది. ఇద్దరూ కూతుళ్ళ చదువుల గురించి మాట్లాడుకుంటున్నారు.

యజమాని మర్యాదస్తుడు. కుర్చీలు తుడిపించి వేయించాడు, నిమ్మసోడా తెప్పించాడు. నేను కాగితం మీద మరకలు చూపించి గొంతు పెంచితే ఆయన గొంతు ఇంకా తగ్గించాడు.

"అమ్మగారూ, లేబుల్ మళ్ళీ ఒకసారి సదవండి. నూరు శాతం స్వచ్ఛమైన పరిమళం అని రాసినాం. అసలు నూనె అని ఎక్కడా రాయలేదు. అందరూ ఇలగే రాస్తన్నారు. అసలు నూనె సీసాలో పోస్తే ఆ ధరకి ఎవలు కొంతారు, మీరు కొంతారా?"

నేనూ చవకని చూసే కొన్నాను. వదిన సోడా పక్కన పెట్టి ఆయన్ని నెమ్మదిగా అడిగింది, "అయితే బాబూ, ఇన్నాళ్ళూ నాను పీల్సింది ఏటి?" ఆయన నవ్వుతూనే సోడా గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. ఆ నవ్వు మొహం నా వెంట పడింది. ఆ తరవాత ప్రయాణంలో ఎవరు నవ్వుతూ మాట్లాడినా నాకు ఆయనే కనిపించాడు.

కళింగపట్నం

వంశధార సముద్రంలో కలిసేచోట ఇసుక మీద ఎండుచేపలు పరిచి ఉన్నాయి. నేను చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. వదిన వాటి మధ్య పెళ్ళి పందిట్లో తిరిగినట్టు తిరిగింది. నెత్తళ్ళు బేరమాడి కొంది. అమ్మే ఆవిడ, "వాసన సూసుకోండమ్మా, ఇసక కంపు ఉండదు" అంటే, "నాకు నువ్వే సూసి సెప్పాల" అంది వదిన. విషయం విని ఆ ఆవిడ దోసిలినిండా నెత్తళ్ళు ఎక్కువ వేసింది. డబ్బిస్తే తీసుకోలేదు.

"సిన్నప్పుడు ఈ కంపు పడక మా నాన్నతో రానని గోల సేసీదాన్ని. ఇప్పుడు కావాలంటే రాదు" అంది వదిన, నీళ్ళకేసి చూస్తూ.

సాయంత్రం బీచి దగ్గర బండి మీద టీ తాగాం. వదిన రెండు గుక్కలు తాగి మొహం ముడుచుకుంది. "మాడినట్టున్నాదే" అంది. నేను టీ అబ్బాయి మీద విరుచుకుపడ్డాను, అడుగంటిన పాలు పోస్తావా అని. పాపం అతను గిన్నె వంచి చూపించాడు. అడుగు తెల్లగా మెరుస్తోంది. అయినా నేను తగ్గలేదు. అతను మళ్ళీ కాచి ఇచ్చాడు, అదీ మాడిందంది వదిన, ఇద్దరం పారబోసి లేచాం. నెలల తరబడి ఏ వాసనా లేని మనిషికి మాడు వాసన ఎలా తెలిసిందని నేను ఒక్క క్షణం ఆగి ఆలోచించలేదు. నర్సునై ఉండి!

కవిటి వైపు

ఉద్దానం అంటే కొబ్బరి, జీడిమామిడి, పనస. వాటి సందుల్లో ఇసక దారులు, దారి పక్కన కంచెల్లా మొగలి పొదలు. ఒడిశా కూతవేటు దూరం, అందరి మాటల్లోనూ ఒరియా తగులుతుంది. వదినకు ఇక్కడికి రాగానే నడక మారిపోయింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ మొగలి రేకులు చీరల మధ్య మడిచి పెట్టెలో పెట్టేదిట. క్రిస్మస్‌కు పెట్టె తెరిస్తే చర్చి అంతా అదే వాసనట. "పాస్టరు గారు పాటకి ముందర ఓసారి గట్టిగా పీల్సీవోడు" అంది.

వదిన పుట్టింటి ఊరికి పక్కనే దండాసి గారి బట్టీ. అరవై దాటిన మనిషి, బక్కపల్చన, మెడలో తువ్వాలు. తాటాకు పాకలో మట్టి పొయ్యి మీద పెద్ద రాగి బాన. తెల్లవారుజామున కోసిన పూలు పొద్దెక్కేలోపే బానలో పడాలి. బాన మూతి మట్టితో మెత్తి, వెదురు గొట్టం బిగించి, దాని రెండో కొస నీటి తొట్లో నిలబెట్టిన రాగి బిందెలోకి పెడతారు. ఆ బిందెలో ముందే నూనె పోసి ఉంచుతారు. ఆవిరి వచ్చి ఆ నూనెలో కలుస్తుంది. ఆ నూనెనే బేసు అంటారు.

"మా తాత గంధం నూనె పోసీవోడు. ఇప్పుడు గంధం ఎక్కడ తేగలం? తెల్ల నూనె, మిషన్లకి పోసీదే, అది పోస్తన్నాం. దాపరికం ఏటున్నాది? అడిగినోలికి సెప్తాను. అడిగినోలు నేరు" అన్నాడు దండాసి గారు.

బేసు లేకుండా కావాలి అన్నాను. ఆయన నా వంక, వదిన వంక చూశాడు. వదిన తన ముక్కు సంగతంతా చెప్పింది, ఫలానా వారి కూతుర్నని చెప్పింది. అంతే, ఆమె ఆయనకు అప్ప అయిపోయింది. ఇక్కడ అక్కను అలాగే పిలుస్తారు.

"బేసు నేకపోతే బాగా కొంచెం వస్తాది అప్పా. ఒక బాన పూల నీళ్ళు దించి, ఆ నీళ్ళని మళ్ళీ కాసి, పైన తేలింది దూదితో తియ్యాల. ఎన్నో ఏళ్ళయ్యింది తీసి. రేపు తీస్తాను. రేపటి పూలు మీయే."

మర్నాడు చీకటి విడకముందే పాకలో ఉన్నాం. ఆయన భార్య మాకు నీళ్ళన్నం పెట్టింది, పొఖాళొ అంటారు. వేయించిన వడియాలు, వంకాయ కాల్చిన పచ్చడి. మేం కొన్న నెత్తళ్ళు కూడా వేయించింది. పొయ్యి దగ్గర దండాసి గారు కదల్లేదు. మంట ఎక్కువైతే పువ్వు మాడుతుందని ఒక్కో కట్టె లాగి, ఒక్కో కట్టె తోసి, బిందె మీద చెయ్యి వేసి వేడి చూసుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. పాకంతా మొగలి. మొదట్లో నాకు తల తిరిగింది. తరవాత తరవాత ఏ వాసనా తెలియకుండా పోయింది. ఎక్కువసేపు ఒకే వాసనలో ఉంటే ఎవరి ముక్కైనా అంతే.

చివరికి నేను తెచ్చిన గోధుమరంగు సీసాలో వేలి మందం కూడా రాలేదు. ఆయన మాత్రం దాన్ని ఎండకేసి పెట్టి మురిసిపోయాడు. స్కూలు నోటుబుక్కు కాగితం చించి, అన్నం మెతుకుతో సీసాకు అంటించి, పెన్ను అడిగి తీసుకుని గుండ్రంగా రాశాడు. మొగలి. బేసు లేదు. దండాసి.

"నా డబ్బాలు బొంబాయి దాకా ఎల్తన్నాయి. లేబుల్ ఆలే ఏస్కుంతారు. నా పేరు రాసింది ఇదే మొదులు" అన్నాడు. ఆయన అంటిస్తుండగా నేను అలవాటు కొద్దీ ఒక చుక్క కాగితం మీద వేసి మడిచి పర్సులో పెట్టుకున్నాను.

వదిన సీసా అందుకుని పీల్చింది. ఆమె మొహం ఒక్కసారి వికారంగా మారిపోయింది. సీసా దూరం పెట్టి, "థూ! మాడిపోయిన రబ్బరు కంపు. దండాసీ, ఇందల ఏటి కలిపినావు?" అంది.

పూలు విడదీసే ఆడవాళ్ళు చేతులు ఆపి చూశారు. దండాసి గారు నవ్వబోయాడు, వేళాకోళం అనుకున్నాడు కాబోలు. నేను సీసా తీసుకుని పీల్చాను. నా మొద్దుబారిన ముక్కుకు ఏమీ అందలేదు. ఆయన నవ్వు మొహం చూడగానే గరివిడి షెడ్డు గుర్తొచ్చింది, నిమ్మసోడా గుర్తొచ్చింది. మళ్ళీ మోసపోయాం అనుకున్నాను.

"నిజం చెప్పండి దండాసి గారూ. ఆ బిందెలో ముందే నూనె ఉందా?" అన్నాను.

వదిన మాట ఆయన భరించాడు. నా మాటకు మొహం నల్లబడింది. సీసా నా చేతిలోంచి తీసుకుని, మూత విప్పి, పక్కనే బేసు పోసి ఉంచిన ఇంకో బిందెలోకి తలకిందులుగా వంచేశాడు. ఆఖరి చుక్క పడేదాకా పట్టుకున్నాడు.

"మీకు అక్కర్నేనిది బొంబాయికి అక్కరొస్తాది. సీసా మీదే, తీసుకెల్లండి" అని మూత బిగించి ఇచ్చాడు. డబ్బు మాట ఎత్తనివ్వలేదు. ఆయన భార్య వాకిట్లోకి వచ్చి, ఏమీ అర్థం కాక, మేం తినకుండా వదిలిన వడియాలు పొట్లం కట్టి వదిన సంచిలో పెట్టింది.

తిరుగు రైలు

సోంపేటలో రైలెక్కాం. కిటికీ పక్కన కూర్చుని ఇద్దరం లోకాన్ని తిట్టుకున్నాం. చిల్లర కోసం పర్సు తెరిస్తే మడిచిన కాగితం చేతికి తగిలింది. విప్పి చూశాను. వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూశాను. మరక లేదు. వేళ్ళతో తడిమాను, కాగితం పొడిగా ఉంది. దండాసి గారి నూనె చుక్క పూర్తిగా ఎగిరిపోయింది. కాగితం ముక్కుకు ఆనిస్తే తేరుకున్న నా ముక్కుకు మొగలి ఎక్కడో దూరంగా తెలిసింది.

అప్పుడే వదిన టీ తాగి, "ఛీ, ఇదీ మాడు రబ్బరే" అంది. నేను ఎదుటావిడ నుంచి కమలా తొక్క అడిగి తీసుకుని ఆమె ముక్కు దగ్గర పెట్టాను. అదీ రబ్బరే. సంచిలోంచి పైడమ్మ నిమ్మగడ్డి సీసా తీసి పెట్టాను. అదీ అంతే. డాక్టరు చెవిలో వేసిన మాట అప్పుడు నా చెవికెక్కింది. తలకిందులుగా వస్తుంది, భయపడకండి.

"వదినా, నీ ముక్కు లేచింది. వాసన తిరిగొస్తోంది" అన్నాను. ఆమె సంతోషించలేదు. నా చేతిలో కాగితం తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది.

"అయితే ఆ మనిసి ఏటీ కలపనేదు" అంది.

రైలు ఆముదాలవలస దాటేసింది. ఆమే ఫోన్ చేసింది. స్పీకరులో పెట్టింది, నేనూ వినాలని. తప్పు నీ నూనెది కాదు దండాసీ, నా ముక్కుది అని చెప్పింది. నేను క్షమించమన్నాను. ఆయన కోప్పడలేదు.

"నా నూనె సంగతి నాకు తెలీదేటి అప్పా. మీకు నమ్మకం కుదర్నేదు, అంతే గదా."

"మళ్ళీ తీస్తావా నాయనా?"

"పూలు అయిపోవస్తన్నాయి. మరి బేసు నేకుండా తియ్యను అప్పా. అది తీసిన్నాడు మాట పడ్డాను. బేసు పోసిన డబ్బాకి ఇన్నేళ్ళల్ల ఒక్కుడూ మాటనలేదు."

ఆయనే, రైలు శబ్దం వస్తోంది, జాగ్రత్తగా ఎల్లండి అని పెట్టేశాడు. అంత మంచి నూనె ఏ సీసాల్లో, ఏ బంగారు అక్షరాల కింద కలిసిపోయిందో ఎవరికి తెలుసు. వదిన అన్నదానికి ఆమె ముక్కు కారణం. నేను అన్నదానికి ఏ కారణమూ లేదు.

కాకినాడ

బంగారు అక్షరాల సీసాలన్నీ పారేశాను. వదిన ఇప్పుడు పైడమ్మ నిమ్మగడ్డి పీలుస్తోంది. దాంతో పాటు దండాసి గారు వంచేసిన ఖాళీ సీసా కూడా. ఖాళీదైనా మొదట్లో మూత తీస్తే గదంతా మొగలి వచ్చేది. మా దుకాణానికి వచ్చినవాళ్ళు ఏమిటది, ఎక్కడిది అని అడిగేవాళ్ళు. వదిన మాత్రం రోజూ పొద్దున్నే మూత తీసి, రబ్బరు కంపుకు మొహం చిట్లించి, అయినా వదలకుండా పీల్చి, మూత గట్టిగా బిగించేది. కంపు కొంచెం కొంచెం తగ్గతన్నాదే అనేది. నేను సంబరపడేదాన్ని.

మొన్న ఆదివారం చర్చికి బయల్దేరుతూ వంటింట్లోకి పరుగున వచ్చింది. చేతిలో సీసా.

"కరుణా! ఇయ్యాల కంపే నేదే! నిమ్మగడ్డి ఇంకా మాడతన్నాది గానీ మొగలి నయమైపోనాది. మా ఊరి పువ్వు కదే, ముందర అదే బాగైనాది. దండాసికి సెప్పాల" అని ఫోన్ వెతుక్కుంది.

నేను సీసా తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. మూత తీసి కళ్ళు మూసుకుని, ఊపిరి నిండా పీల్చాను. మళ్ళీ పీల్చాను. సీసాలో మొగలి ఏమీ మిగల్లేదు. గాజు వాసన, ఎండిన మెతుకు వాసన, అంతే. లేబుల్ మీద గుండ్రటి అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి.

లోపల వదిన ఫోన్ స్పీకరులో పెట్టింది. అవతల రింగవుతోంది. "రాయే, బేగి రా" అని పిలిచింది. నేను మూత బిగించి, సీసా తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను.